ఓవర్ అయ్యాక వస్తాను

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
ఫిబ్రవరి 12

బావకి నమస్కారాలు.

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇరవై మూడుసార్లు చేశాను. ఇరవై నాలుగోసారి చేస్తే నా పరువు పోతుందని ఆగాను. ఉత్తరమైతే మోగదు, విప్పి చదువుతావని ఆశ.

పని మీదే రాస్తున్నాను. నీ బ్యాట్స్‌మన్ తాతయ్య, నా బ్యాట్స్‌మన్ కొరడా వారం తేడాతో రిటైరయ్యారు. పేపర్లో చూసే ఉంటావు. మా వీధి చివరి లైబ్రరీ వాళ్ళు ఒక సాయంత్రం నన్ను మాట్లాడమన్నారు, 'ఇద్దరిలో ఎవరు గొప్ప బ్యాట్స్‌మన్' అని. నన్నే ఎందుకంటావేమో. షాపుకొచ్చిన ప్రతివాణ్ణీ చూపు పరీక్షించే ముందు 'తాతయ్యా, కొరడానా' అని అడుగుతాననీ, తాతయ్య అన్నవాడికి అద్దాల నంబరు పెంచేస్తాననీ నాకు పేరుంది కదా.

అక్క పెట్టిన రూలు మర్చిపోలేదు. భోజనాల దగ్గర మనిద్దరం గొంతులు చించుకుంటుంటే విసిగిపోయి పెట్టింది. ఎదుటివాడి మనిషిలో ఒక మంచి గుణం ఒప్పుకున్నాకే మన మనిషి గురించి నోరు విప్పాలి. సరే, ముందు నీ తాతయ్య. ఇరవై రెండేళ్ళ వయసులో మొదటి టెస్టు ఆడుతూ, రోజంతా తనదే అన్నట్టు క్రీజులో నిలబడ్డాడు. జనం తాతయ్య అని పేరు పెడితే నొచ్చుకోలేదు. ఆఫ్ స్టంప్ బయట పడ్డ బంతిని వదిలేయడంలో అంతటివాడు లేడు. ఒప్పుకున్నాను. నోరు చేదెక్కింది.

ఇక నా కొరడా. నీవాడు వదిలేసే ఆ బంతినే మణికట్టు ఒక్కటి తిప్పి మిడ్‌వికెట్ మీదుగా పంపేవాడు. బ్యాట్ కదిలినట్టు కూడా ఉండదు, చప్పుడు మాత్రం స్టేడియం చివరిదాకా వినిపిస్తుంది. టిక్కెట్టు కొన్న మనిషి చూడాల్సింది బంతిని కొట్టడం కాని, వదిలేయడం కాదు బావా.

నాకు కావాల్సింది నీ పుస్తకాలు. నువ్వు మీ గ్రౌండ్‌లో స్కోరర్‌గా రాసిన టెస్టుల్లో వాళ్ళిద్దరూ కలిసి బ్యాటింగ్ చేసినవి పన్నెండు. పేపర్లో స్కోరు ఉంటుంది, నీ పుస్తకంలో ప్రతి బంతీ ఉంటుంది. పన్నెండోది జనవరి టెస్టుది. మూడో రోజు పేజీ కావాలి. అక్క పోయిన రోజని తెలుసు. అయినా పంపు.

తింటున్నావా?

ఇట్లు,
నీ బావమరిది, భూతద్దం

—

ఇల్లు, కిటికీ పక్క టేబులు
ఫిబ్రవరి 24

భూతద్దానికి,

ఉత్తరం అందింది. తింటున్నాను. మేడమీది టీచరమ్మ మధ్యాహ్నం ఏదో ఒకటి పంపిస్తుంది. నేను గిన్నె కడిగి మెట్ల మీద పెడతాను. రుచి అడిగితే చెప్పలేను. వేడిగా ఉందా చల్లగా ఉందా అన్నంతవరకు తెలుస్తోంది.

రూలు ప్రకారం కొరడా సంగతి. అతను ఆడుతున్నప్పుడు అవతలి కెప్టెన్ ఫీల్డర్లను అటూ ఇటూ జరుపుతూనే ఉంటాడు. చూసేవాళ్ళకి అంతగా తెలియదు. స్కోరర్‌కి తెలుస్తుంది, ఒక్కో ఓవర్‌కి పట్టే టైమ్ పెరుగుతుంది కాబట్టి. కొరడా ఉన్న పేజీల్లో ఓవర్‌కి అర నిమిషం ఎక్కువ. పదకొండు మందిని ఒక్కడే ఆలోచనలో పడేశాడంటే అది గొప్పే.

తాతయ్య సంగతికొస్తే, అతను ఆడిన పేజీ చూడ్డానికి బాగుంటుంది. పరుగు రాని బంతికి మేము చుక్క పెడతాం. అతని వరసలో చుక్కలు, చుక్కలు, ఒక ఒకటి, మళ్ళీ చుక్కలు. కొత్త బంతి మెరుపు పోయేదాకా ఆ చుక్కలు అతనే మోస్తాడు. తర్వాత వచ్చినవాళ్ళు మెత్తబడ్డ బంతిని కొట్టి పేరు తెచ్చుకుంటారు. ఆ వచ్చినవాళ్ళలో నీ కొరడా ఒకడు.

ఇక్కడ విశేషాలు లేవు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితంలో రెండు అచ్చుతప్పులున్నాయి. ఆ రోజు అక్కడే బెంచీ మీద కూర్చుని ఎర్ర పెన్నుతో దిద్దాను. ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు చూసిన చెయ్యి, ఊరుకోదు. తర్వాత మున్సిపల్ ఆఫీసులో ఆ కాగితం ఇస్తే, దిద్దినది చెల్లదు, ఇంకోటి తెమ్మన్నారు. వెళ్ళి తెచ్చాను. కొత్తదాంట్లో కూడా అవే రెండు తప్పులు.

పదకొండు పుస్తకాలు పార్సిల్ చేశాను. పన్నెండోది దొరకలేదు. వెతుకుతాను.

బావ

—

కళ్ళజోళ్ళ షాపు
మార్చి 9

బావకి,

పార్సిల్ అందింది. షాపులో అద్దాలు తుడిచే గుడ్డతోనే ఒక్కో అట్టా తుడిచి వరసగా పెట్టాను. వచ్చినవాళ్ళు ఇవేమిటని అడుగుతున్నారు. మా ఇంటి ఆస్తి అని చెప్తున్నాను.

ముందు రూలు. నీ తాతయ్య సగటు యాభై రెండు, నావాడిది నలభై ఏడు. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా అంపైర్ వైపు కోపంగా చూడలేదు. ఔటైతే బ్యాట్ చంకలో పెట్టుకుని బస్సు దిగినవాడిలా వెళ్ళిపోయేవాడు. ఒప్పుకున్నాను.

ఇప్పుడు విను. నీ పుస్తకాలే సాక్ష్యం. ఈ పదకొండు మ్యాచుల్లో తాతయ్య అవతల ఉండగా రనౌట్ అయినవాళ్ళు ఏడుగురు. అందులో మావాడు మూడుసార్లు. ఎందుకు? నీ తాతయ్యని పరుగుకి పిలిస్తే రాడు కాబట్టి. అవతలివాడు నోరారా పిలుస్తాడు, సగం పిచ్ దాటి వచ్చేస్తాడు. అప్పుడు ఈ మహానుభావుడు క్రీజులోంచి కాలు తియ్యకుండా చెయ్యి అడ్డం పెడతాడు. మా కొరడా అలా కాదు. పిలుపు చెవిన పడ్డ మరుక్షణం కదిలేవాడు. పరుగు ఉందా లేదా అని తర్వాత ఆలోచించేవాడు. టెస్టు బ్యాటింగ్ అంటే ఒంటరి తపస్సు కాదు, అవతల ఇంకో మనిషి ఉంటాడు. సగటులో అయిదు పరుగుల తేడా నాకు పెద్దది కాదు. ఇది పెద్దది.

అక్క ఎటు వైపో నీకు తెలుసు కదా? నాతో చాలాసార్లు అంది, 'కొరడా ఆడితే ఇల్లంతా సందడిగా ఉంటుందిరా' అని.

పన్నెండో పుస్తకం దొరకలేదని రాశావు. మీ ఇంట్లో! పెళ్ళినాటి బస్సు టిక్కెట్టు కూడా తేదీ ప్రకారం పెట్టుకున్న మనిషివి. ఎవరికి చెప్తున్నావు?

ఇంకొకటి అడుగుతాను, పక్కకి పెట్టకు. ఆ రోజు నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నీకు గ్రౌండ్‌లో కబురు ఎన్నింటికి అందింది?

భూతద్దం

—

ఇల్లు
మార్చి 20

భూతద్దానికి,

రూలు. కొరడా సెంచరీ కొట్టిన పద్దెనిమిది టెస్టుల్లో పదమూడు గెలిచారు. తాతయ్య కొట్టిన ఇరవై ఆరింట్లో గెలిచినవి పదకొండే. త్వరగా కొడితే మన బౌలర్లకి టైమ్ మిగులుతుంది. ఇది నేనే ఎప్పుడో లెక్కేశాను, నీకు చెప్పలేదు.

తాతయ్య పిలిస్తే రాడన్నావు. వినడని అనుకోకు. వింటాడు. మా స్కోరర్ల గది సరిగ్గా పిచ్‌కి ఎదురుగా ఉంటుంది, అతని మొహం కనిపిస్తుంది. పిలుపు విన్నట్టు కళ్ళలో తెలుస్తుంది. కాళ్ళు కదలవు. చేతకానితనమో మొండితనమో నాకు తెలియదు. ఆరో పుస్తకంలో నాలుగో రోజు చూడు. బంతి గిర్రున తిరుగుతోంది, అతను యాభై నిమిషాలు ఒక్క పరుగు చెయ్యకుండా నిలబడ్డాడు. అందరూ గేలి చేశారు. ఆ మ్యాచ్ ఓడిపోకుండా బయటపడ్డాం. కదలకపోవడం వల్ల బతికిన మ్యాచులు కూడా ఉంటాయి.

మీ అక్క నాతో 'తాతయ్య ఆడితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది' అనేది. మనిద్దరికీ చెరో మాట చెప్పిందన్నమాట. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి మ్యాచ్‌కి తీసుకెళ్తే, నీడ ఎటు జరుగుతుందో చూస్తూ కూర్చుని, సాయంత్రం 'మన వాళ్ళు తెల్లబట్టల వాళ్ళేనా' అంది. రెండు టీములవీ తెల్లబట్టలే.

కబురు నాకు టీ టైమ్‌కి అందింది. అందగానే బయల్దేరాను. వెళ్ళేసరికి అయిపోయింది.

ఇంతకంటే అడగకు. నువ్వు రాస్తూ ఉండు. పోస్టులో నా పేరుతో వచ్చేవి ప్రకటనలూ నీ ఉత్తరాలూ మాత్రమే. నువ్వు కూడా రాయడం మానేస్తే నేను రోజు మొత్తం మీద ఎవరితోనూ ఒక్క మాట అనని రోజులొస్తాయి. ఇప్పటికే కొన్ని వచ్చాయి. బాధగా ఏమీ లేదు. అదే విచిత్రం. ఏమీ లేదు.

బావ

—

కళ్ళజోళ్ళ షాపు
ఏప్రిల్ 2

బావగారికి,

మీ ఉత్తరం అందింది. లైబ్రరీలో ఉపన్యాసం రద్దయింది. మీ పదకొండు పుస్తకాలు జాగ్రత్తగా తిరిగి పంపుతున్నాను. సరిచూసుకోండి.

ఆరోగ్యం చూసుకోండి.

ఇట్లు,
మీ బావమరిది

—

ఇల్లు
ఏప్రిల్ 11

భూతద్దానికి,

పుస్తకాలు అందాయి. పదకొండూ ఉన్నాయి. ఎన్నడూ లేనిది 'మీరు' అన్నావు. రూలు పాటించలేదు. తాతయ్యలో ఒక్క మంచి గుణం కూడా రాయలేదు. ఉత్తరం టేబులు మీద పెట్టి చాలాసేపు చూశాను.

ప్రెస్సులో పుస్తకం అచ్చయిపోయాక తప్పు బయటపడితే చివర్లో ఒక కాగితం అంటించేవాళ్ళం, ఏ పేజీలో ఏది తప్పు, ఏది ఒప్పు అని. అది అంటించకుండా పుస్తకం బయటికి పంపినవాణ్ణి నేను ఎప్పుడూ గౌరవించలేదు. అందుకని ఇది.

మార్చి 20 నాటి ఉత్తరంలో 'కబురు నాకు టీ టైమ్‌కి అందింది' అన్నది తప్పు. 'రెండూ యాభైకి అందింది' అని చదువుకోవాలి. 'అందగానే బయల్దేరాను' అన్నది తప్పు. ఫిబ్రవరి 24 నాటి ఉత్తరంలో 'పన్నెండోది దొరకలేదు' అన్నది తప్పు. అది నా దిండు పక్కనే ఉంది. దీనితో పంపుతున్నాను.

జరిగింది ఇది. నలభై ఏడో ఓవర్ నడుస్తోంది. తాతయ్య డెబ్భై ఒకటి, కొరడా ముప్పై ఎనిమిది. గ్రౌండ్ ఆఫీసు గుమాస్తా మెట్లెక్కి వచ్చి నా చెవి దగ్గర చెప్పాడు. 'మీ ఆవిడని ఆసుపత్రిలో చేర్చారంట సార్, గుండె నొప్పంట, మేడమీదావిడ ఫోన్ చేసింది, వెంటనే రమ్మంటోంది' అన్నాడు. నేను 'ఓవర్ అయ్యాక వస్తాను' అన్నాను. స్కోరర్ ఓవర్ మధ్యలో లేవడు. అది మా పద్ధతి. అతను దిగి వెళ్ళిపోయాడు.

ఓవర్ అయింది. లేవొచ్చు. పక్కనే అవతలి టీమ్ స్కోరర్ ఉన్నాడు, ఒకసారి అతనికి వాంతులైతే గంటసేపు రెండు పుస్తకాలూ నేనే రాశాను. అడిగితే అతనూ రాసేవాడు. నేను అడగలేదు. కొత్త ఓవర్‌కి బౌలర్ పేరు రాయాలి, రాశాను. మొదటి బంతికి చుక్క పెట్టాను. రెండోదానికి చుక్క పెట్టాను. ఇలా టీ విరామం వరకు పన్నెండు ఓవర్లు.

ఎందుకని నువ్వు అడుగుతావు. తాతయ్య సెంచరీ కోసం కాదు. ఆట బాగుందనీ కాదు, ఆట నేను చూడనేలేదు. అలాంటిదేదైనా ఉంటే కనీసం ఒక కారణం ఉండేది. నేను రాస్తున్నంతసేపు ఏమీ జరగలేదు అన్నట్టు ఉంది. లేస్తే జరుగుతుంది. అంతే. భయమేసిందా అంటే అదీ లేదు. కాళ్ళు నావి కానట్టు ఉన్నాయి.

టీకి మేమిద్దరం లెక్కలు సరిచూసుకుంటాం. అవతలి స్కోరర్ 'తాతయ్య డెబ్భై ఆరు' అన్నాడు. నా పుస్తకంలో నూట అయిదు. ముప్పై ఒక్కేళ్ళలో నా పుస్తకం తేడా రావడం అదే మొదటిసారి. అతను నా మొహం చూసి 'ఏమైంది' అన్నాడు. అప్పుడు చెప్పాను. అతనే నన్ను లేపి మెట్ల దాకా నడిపించాడు. మూడూ నలభై రెండుకి బయల్దేరాను. నాలుగూ ఏడుకి ఆసుపత్రిలో ఉన్నాను. మూడూ యాభై అని ఆసుపత్రి కాగితంలో ఉంది. ఆ అంకెలో అచ్చుతప్పు లేదు.

ఇప్పటివరకు ఒక్కసారి కూడా ఏడవలేదు. అందరూ ధైర్యంగా ఉన్నానన్నారు.

నీకు రాయాలనిపిస్తే రాయి.

బావ

—

ఇల్లు
మే 26

భూతద్దానికి,

పుస్తకం అందిందో లేదో తెలియదు. పోస్టాఫీసులో అడిగితే అందినట్టు సంతకం ఉందన్నారు. సంతకం నీదే.

నలభై అయిదు రోజులయ్యాయి. నిన్ను తప్పు పట్టడం లేదు. తెలియడానికి మాత్రమే రాస్తున్నాను. గ్రౌండ్ వాళ్ళకి ఇక రానని చెప్పేశాను. పెన్నులు, స్కేలు, బైనాక్యులర్స్ తిరిగి ఇచ్చేశాను. కుర్చీలో వేసుకునే దిండు మాత్రం నాది, మీ అక్క కుట్టింది. అది తెచ్చుకున్నాను.

పొద్దున లేస్తాను. పేపరు చదువుతాను. తప్పులు దిద్దుతాను. సాయంత్రమవుతుంది.

ఆ పుస్తకం నీకు అక్కర్లేకపోతే పారెయ్. నాకు తిరిగి పంపొద్దు.

బావ

—

కళ్ళజోళ్ళ షాపు, వెనక గది
జూన్ 8

బావకి,

అందింది. రెండు నెలలుగా నా టేబులు మీదే ఉంది. ఎన్నిసార్లు రాయడానికి కూర్చున్నానో, ఎన్ని కాగితాలు చింపానో నీకు అనవసరం. ఇది కూడా చింపకముందే పోస్టులో వేస్తాను.

మొదట నా తప్పొప్పుల కాగితం. లైబ్రరీ ఉపన్యాసం అబద్ధం. ఆ లైబ్రరీ వాళ్ళకి నా పేరు కూడా తెలీదు. నీకు కబురు ఎన్నింటికి అందిందో నాకు మొదటి నుంచీ తెలుసు. అంత్యక్రియలైన మర్నాడు మేడమీది టీచరమ్మ మెట్ల మీద కూర్చుని నాకు చెప్పింది. రెండూ నలభై అయిదుకి ఫోన్ చేశాననీ, కాసేపాగి గుమాస్తా మళ్ళీ లైన్లోకి వచ్చి 'చెప్పానమ్మా, ఓవర్ అయ్యాక వస్తానన్నారు' అన్నాడనీ. ఆమె నీ మీద కోపంతో చెప్పలేదు. ఆమెకి ఓవర్ అంటే ఎంతసేపో తెలీదు. 'ఓవర్ అంటే చాలాసేపా బాబూ' అని నన్నడిగింది. నాలుగు నిమిషాలని చెప్పలేకపోయాను. అవునన్నాను.

ఆ రోజు నిన్ను కొట్టాలనిపించింది. నువ్వు వచ్చినవాళ్ళకి కుర్చీలు సర్దుతున్నావు. ఊరికి తిరిగొచ్చి తాతయ్య, కొరడా అని ఉత్తరం మొదలుపెట్టింది నీ చేతే ఆ పుస్తకం పంపించడానికి. నీ రాత చూడాలి, అందులో నువ్వు దొరకాలి, అదీ నా ఆలోచన. టీ టైమ్‌కి అందిందని నువ్వు రాసినప్పుడు ఇక నీ మొహం చూడకూడదనుకున్నాను.

తర్వాత పుస్తకం వచ్చింది. వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం తెచ్చి మూడో రోజు పేజీ చూశాను. బౌలర్ల వరస నలభై ఎనిమిదో ఓవర్ నుంచి టీ దాకా అచ్చు గుద్దినట్టుంది. ఒక్క చుక్క కూడా వంకర లేదు. చెయ్యి వణకలేదు. ఇంతటి రాయి మా అక్కకి మొగుడా అనుకుని పుస్తకం మూసేశాను. వారం ముట్టుకోలేదు.

మళ్ళీ తీసి, ఏ పరుగు ఎవరిదో రాసే బ్యాట్స్‌మెన్ వరసలు చూశాను. పన్నెండు ఓవర్లలో ముప్పై నాలుగు పరుగులు. పరుగు ఎవరు చేసినా నువ్వు తాతయ్య పేరు పక్కనే రాశావు. కొరడా కొట్టిన ఫోర్లు కూడా. అవతల ఒక మనిషి ఉన్నాడనే నువ్వు మర్చిపోయావు. పేజీ మీద ఒక్కడే ఆడుతున్నాడు. నీవాడికి లేని సెంచరీ ఇచ్చావు, అది కూడా నావాడి ఇరవై తొమ్మిది పరుగులు దోచి. మామూలు రోజుల్లో అయితే దీని మీద నిన్ను ఏడాదిపాటు ఏడిపించేవాణ్ణి. ఆ పేజీ చూస్తూ నేనే ఏడ్చాను. షాపు తలుపు వేసి ఏడ్చాను.

ఇప్పుడు రూలు. ముందు ఎదుటివాడిలో ఒక మంచి గుణం చెప్పాలి. బ్యాట్స్‌మెన్ సంగతి పక్కన పెట్టు. నీ సంగతి. అబద్ధం రాసి ఇరవై రెండు రోజులు కూడా మోయలేకపోయావు. మళ్ళీ ఎవరూ అడక్కుండా తేదీలతో సహా ఒప్పుకున్నావు. నేను నా అబద్ధాన్ని నాలుగు నెలలు హాయిగా మోశాను. ఒప్పుకున్నాను.

ఇక నా మాట. రెండూ యాభైకి నువ్వు లేచి ఉంటే మూడూ పదిహేనుకి అక్క మంచం పక్కన ఉండేవాడివి. ముప్పై అయిదు నిమిషాలు. ఆ ముప్పై అయిదు నిమిషాలు నేను నిన్ను క్షమించలేను బావా. ప్రయత్నించాను, కుదరలేదు. ముందు ముందు కుదురుతుందో లేదో కూడా తెలీదు. కానీ నువ్వు రోజంతా ఎవరితోనూ ఒక్క మాట లేకుండా ఉంటావంటే అదీ నాకు కుదరడం లేదు. రెండూ ఒకేసారి ఉన్నాయి.

ఒక విషయం నీ దగ్గర దాచాను. చెప్తే నువ్వు ఏమైపోతావో తెలీక దాచాను. నువ్వు అన్నీ రాశావు కాబట్టి నేనూ రాయాలి.

మూడింటికి అక్కకి తెలివి ఉంది. మాట్లాడుతోంది. 'ఆయనకి చెప్పారా' అని అడిగిందట. టీచరమ్మ 'చెప్పారు, ఓవర్ అయ్యాక వస్తారట' అంది. అక్క 'ఇప్పుడెవరు ఆడుతున్నారు' అంది. టీచరమ్మకి ఏం తెలుసు! వరండాలో ఎవరో రేడియో వింటుంటే వెళ్ళి అడిగి వచ్చి, 'ఎవరో తాతయ్యట' అంది.

అక్క, 'అయితే ఇవాళ రాడు' అంది.

కోపంగా అందా, నవ్వుతూ అందా అని టీచరమ్మని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకటే చెప్పింది. 'మామూలుగానే అంది బాబూ.'

ఆదివారం వస్తున్నాను. పన్నెండో పుస్తకం తెస్తాను. ఆ పన్నెండు ఓవర్లూ బౌలర్ల వరస చూసి, పేపర్లు దగ్గర పెట్టుకుని, ఏ పరుగు ఎవరిదో నువ్వు చెప్తే నేను దిద్దుతాను. స్టేషన్లో దిగి ఫోన్ చేస్తాను. ఎత్తు.

భూతద్దం

—

ఇల్లు
జూన్ 12

భూతద్దానికి,

రా. ఫోన్ ఎత్తుతాను. పక్క గదిలో నీ మంచం దులిపి పెట్టాను. టీచరమ్మకి కూడా చెప్పాను, ఆమె నన్ను చూసి 'మాట్లాడుతున్నారే' అంది.

రూలు. పిలవగానే వచ్చేవాడు కొరడా. తాతయ్యకి ఆ గుణం లేదు. టెస్టుల్లో అవతల ఇంకో మనిషి ఉంటాడని మార్చిలో నువ్వు రాసినది సరైనది. నావాడి గురించి చెప్పాల్సింది ఈసారి ఏమీ లేదు. ఈ పందెం నువ్వు గెలిచావు.

పుస్తకం తీసుకురా, కానీ ఆ పేజీ దిద్దొద్దు. ఆ గంట నేను అలాగే ఉన్నాను. సరిచేస్తే ఇంకెవరో రాసినట్టుంటుంది. కావాలంటే చివర్లో ఒక కాగితం అంటిద్దాం.

నువ్వు క్షమించలేనన్నావు. సరే. అది చదివాక ఏడుపొస్తుందేమోనని కాసేపు కూర్చుని చూశాను. రాలేదు. ఆకలేసింది, అంతే. చాలా రోజులకి ఆకలని తెలిసింది. టీచరమ్మ పంపినదాంట్లో ఉప్పు ఎక్కువైంది.

మీ అక్క అన్న మాట ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను. ప్రూఫు చూసేటప్పుడు చదివినట్టు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ. 'అయితే ఇవాళ రాడు.' చాలాసార్లు చదివాను. అందులో తప్పు లేదు.

బావ